జామాయిల్ తోట వైపు తిప్పిన టెలిస్కోప్

సవరమ్మ మేడం వస్తోందంటే ఆ హాస్టల్ పిల్లలు ముందు వరండాలో చెప్పులు వరసగా సర్దేవారు. ఆ తరవాతే జడలు సర్దుకునేవారు. చండ్రుగొండ దాటి అడవి మొదలయ్యే చోట ఉన్న గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాల అది. సవరమ్మ అక్కడ సైన్సు చెప్పేది, వార్డెన్ బాధ్యత కూడా ఆమెదే. కొట్టేది కాదు, గట్టిగా అరిచేది కూడా కాదు. కళ్ళద్దాలు కాస్త కిందికి దించి చూసేది, అంతే. ఆ చూపుకే ఐదో తరగతి పిల్లలు చేతిలో ఉన్న జామకాయ వెనక్కి దాచుకునేవారు.

ఆమెది కారేపల్లి. తండ్రి సంసోను రైల్వే గేటు దగ్గర పనిచేసేవాడు. బండి వచ్చే వేళకు గేటు వేశాక పెళ్ళివారి ట్రాక్టరు వచ్చి నిలబడినా, ఎవరో పెద్దమనిషి జీపు దిగి కేకలు వేసినా ఆయన తీసేవాడు కాదు. "తిట్టుకోని. గేటంటే గేటే," అనేవాడు ఇంటికొచ్చి, అన్నం కలుపుకుంటూ. చిన్నప్పటి నుంచి ఆ మాట వింటూ పెరిగిన సవరమ్మకు తన తండ్రి కంటే నికార్సయిన మనిషి లోకంలో లేడనిపించేది. ఆయనకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డప్పుడు తమ్ముడు జోయెల్ ఇంకా చదువుకుంటున్నాడు. తండ్రిని ఆమే చూసుకుంది. వచ్చిన సంబంధాలు వచ్చినట్టే వెళ్ళిపోయాయి. సంసోను పోయేనాటికి ఇక సంబంధాల మాట ఎత్తేవాళ్ళూ లేరు, ఆమెకు ఆ ధ్యాసా లేదు. ఈ హాస్టలు వెనక క్వార్టర్లో రెండు గదులు, చిన్న పెరడు, పెరట్లో మునగచెట్టు, ఉతుకుబండ, ఇదే ఆమె ఇల్లయింది.

ఆ పెరట్లోకి టెలిస్కోప్ వచ్చింది ఒక క్రిస్మస్ పండక్కి. జోయెల్ కొడుకు జస్టిన్ పుట్టినరోజుకు అడిగి కొనిపించుకుని, నెల తిరక్కుండానే దాని మీద మోజు తీరిపోయి బాల్కనీలో పడేశాడు. జోయెల్ దాన్ని కారులో వేసుకొచ్చి దించాడు.

"అక్కా, మా ఇంట్ల దాని మీద బట్టలు ఆరేస్తున్నరు. నువ్వు సైన్స్ టీచర్‌వి గద, నీకన్నా పనికొస్తది."

"నాకెందుకురా గీ ఆటబొమ్మ?" అంది సవరమ్మ. కానీ ఆ వారమే, పిల్లలు పండగ సెలవులకు ఇళ్ళకు వెళ్ళి హాస్టలు బోసిగా ఉన్న ఒక సాయంత్రం, దాన్ని మునగచెట్టు పక్కన నిలబెట్టి చంద్రుడి మీదికి తిప్పింది.

చంద్రుడి మీద గుంటలుంటాయని ఆమె ఏటా క్లాసులో చెబుతూనే ఉంది. బోర్డు మీద గుండ్రంగా గీసి, లోపల చుక్కలు పెట్టి, ఆ పాఠం అయిపోయిందనిపించేది. అద్దంలో అవి కనిపించగానే ఆమె కన్ను ఇంకా దగ్గరికి ఆనించింది. వెలుగూ చీకటీ కలిసే అంచు పొడుగునా గుంటలే గుంటలు. కొన్నిటి అడుగు కనిపించనంత నల్లగా ఉంది, ఒక గట్టు మాత్రం తెల్లగా మెరుస్తోంది. కొన్నిటి నడిమధ్య సన్నని శిఖరం, దాని పక్కనే దాని నీడ. ఎవరికైనా చూపించకపోతే ప్రాణం నిలవదనిపించి వంటమనిషి రాఘవమ్మను పిలిచింది.

రాఘవమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, ఒంటికన్ను మూసి చూసి, "ఏంది మేడం, పెనం మీద అట్టు పోస్తే బొక్కలు పడ్డట్టున్నది," అంది. సవరమ్మ పకపకా నవ్వింది. ఆమె అలా నవ్వగా రాఘవమ్మ అంతకుముందెప్పుడూ చూడలేదు.

సెలవులయ్యాక పిల్లలకు కూడా అది అలవాటైంది. చంద్రుడు సాయంత్రాలు కనిపించే రోజుల్లో, స్టడీ అవర్ మొదలయ్యేలోపు, ఒక్కో గదివాళ్ళు ఒక్కో రోజు మేడం పెరట్లోకి వచ్చేవారు. పున్నమినాడు చూస్తే ఏమీ తెలియదని, వెలుగు పక్క నుంచి పడితేనే లోతు కనిపిస్తుందని ఆమె చెప్పేది. టైకో, కోపర్నికస్, ఒకదాని కింద ఒకటి ఉండే టాలెమీ, అల్ఫాన్సస్, అర్జాకెల్ అంటూ గుంటల పేర్లు చెప్పేది. పిల్లలు ఆ పేర్లు పలకలేక పెద్ద గిన్నె, చిన్న గిన్నె, ముంత అని తమ పేర్లు పెట్టుకున్నారు.

వాళ్ళలో అందరికంటే ఎక్కువసేపు అద్దానికి అతుక్కుని ఉండేది కుంజా సాహిత్య. వేసవి తరవాత పదో తరగతికి వచ్చింది. అడవి లోపలి కోయగూడెం పిల్ల, మాట తక్కువ, నడిచేటప్పుడు ఎడమ భుజం కాస్త పైకెత్తి నడుస్తుంది.

"మేడం, అవి గుంటలా, గుట్టలా? నాకైతే గుట్టల్లెక్క కనబడతన్నయ్," అంది ఒకరోజు.

"నీడ ఎటు దిక్కు పడ్డదో చూడు. సూర్యుడు ఉన్న దిక్కే నీడ ఉంటే గుంట. అవతలి దిక్కున ఉంటే గుట్ట."

సాహిత్య మళ్ళీ చూసింది. చాలాసేపు చూసి, "అబ్బ, లోపలికి పోయినయ్ మేడం!" అని తల ఎత్తింది. ఆ తరవాత చాక్‌పీసు తెచ్చి, చూసింది చూసినట్టు ఉతుకుబండ మీద గీసేది. మర్నాడు సవరమ్మ బట్టలు ఉతుక్కోవాలంటే ఆ బొమ్మ చెరిగిపోతుందని బకెట్టు పక్కకు జరుపుకునేది. ఆ పిల్ల అంటే ఇష్టమని ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ ఇష్టమే లేకపోతే తరవాత జరిగినదానికి అంత కోపం వచ్చేది కాదేమో.

దీపావళి వెళ్ళిన కొద్దిరోజులకు, సంత రోజు సాయంత్రం జరిగిందది. ఇంకా పొద్దు గుంకలేదు. సగం చంద్రుడు అప్పటికే ఆకాశంలో పాలిపోయి ఉన్నాడు. టెలిస్కోప్ మీద గురి చూసుకోవడానికి ఒక చిన్న గొట్టం ఉంటుంది. ముందురోజు ఎవరో పిల్ల తగిలి అది పక్కకు జరిగింది. దాన్ని సరిచేయాలంటే వెలుగుండగానే దూరంగా ఉన్న ఏదో ఒక వస్తువు మీద గురిపెట్టాలి. పెరటి గోడ అవతల పిల్లలు బట్టలు ఆరేసుకునే తీగలు, దాని తరవాత బీడు, ఆ బీడు అంచున జామాయిల్ తోట, తోట మీదుగా సెల్ టవర్. సవరమ్మ టవర్ మీద గురిపెట్టింది. ఆ టెలిస్కోప్‌లో ఏదైనా తలకిందులుగానే కనిపిస్తుంది. చంద్రుడికైతే అది పట్టింపు లేదు. టవర్ మాత్రం ఆకాశంలోంచి కిందికి వేలాడుతున్నట్టు కనిపించింది.

గొట్టం సరిపోయింది. ఆమె అక్కడితో ఆపేయవచ్చు. ఆపలేదు. ఊరికే, ఏముందో చూద్దామని టెలిస్కోప్‌ను కొంచెం దించింది. జామాయిల్ చెట్ల మధ్య హాస్టల్ యూనిఫాం కనిపించింది.

ఒక పిల్ల, ఒక మగమనిషి, ఇద్దరూ తలకిందులుగా. మనిషి వీపు ఇటుంది, తలకు తువ్వాలు చుట్టి ఉంది. పిల్ల చేతికి ఏదో మూట ఇచ్చాడు. ఆమె తల మీద చెయ్యి వేశాడు, తియ్యలేదు. పిల్ల కళ్ళు తుడుచుకున్నట్టనిపించింది. ఆ పిల్ల తిరిగి హాస్టలు వైపు నడవడం మొదలుపెట్టగానే ఎత్తి ఉన్న భుజం చూసి సవరమ్మ గుర్తుపట్టింది. గుర్తుపట్టాక కూడా అద్దం మీంచి కన్ను తియ్యలేదు. ఆ పిల్ల బీడు దాటి, తీగల కింద వంగి, గోడ మలుపు తిరిగేదాకా ఆమె వెంటే గొట్టం తిప్పింది.

హాజరు వేళకు పిల్లలందరూ వరండాలో నిలబడ్డారు. సవరమ్మ పేర్లు పిలిచి, సాహిత్య దగ్గర ఆగింది.

"సాయంత్రం ఎటు పోయినవ్?"

"బోరింగు కాడికి మేడం."

"బోరింగు జామాయిల్ తోటల ఉన్నదా?"

పిల్ల కాలి బొటనవేలితో గచ్చు మీద గీస్తూ నిలబడింది.

"ఎవడే వాడు?"

 సాహిత్య మొహంలో రంగు పోయింది. సవరమ్మ ఆమె పెట్టె తెప్పించి అందరి ముందూ తీయించింది. బట్టల కింద మూటలో సీతాఫలాలు ఉన్నాయి. ఒకటి పండిపోయి చితికి లంగా మీద మరకైంది.

"పండ్లకే పోతవా వాని కాడికి? ఇయ్యాల పండ్లు, రేపేంది? మీ అమ్మా నాయిన నిన్ను గిందుకే పంపిన్రా? నేను చూడలేదనుకుంటున్నవా? టెలిస్కోప్‌ల అంతా కనబడ్డది. తల మీద చెయ్యి వేసుడు గుడ కనబడ్డది."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. సాహిత్య అప్పుడు తలెత్తి మేడం వైపు చూసింది. ఏదో చెప్పబోయి, పక్కన నిలబడ్డ స్నేహితురాళ్ళ వైపు చూసి, మళ్ళీ తల దించేసుకుంది. ఎంత గుచ్చి అడిగినా నోరు విప్పలేదు. తప్పు చేసింది గనకే మాట రావడం లేదని సవరమ్మ తేల్చుకుంది. ఇంటికి ఫోన్ చేయించింది.

మర్నాడు పొద్దున్నే తండ్రి వచ్చాడు. కుంజా పగిడయ్య. వాచ్‌మన్ రామ్‌సింగ్ లోపలికి రమ్మన్నా రాలేదట. గేటు బయట, కానుగ చెట్టు దగ్గర నిలబడ్డాడు. ఇస్త్రీ లేకపోయినా ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. సవరమ్మే బయటికి వెళ్ళవలసి వచ్చింది. అది కూడా ఆమెకు చిరాకే.

"నీ బిడ్డ నిన్న జామాయిల్ తోటల ఎవడినో కలుస్తుంటే నేను కండ్లార చూసిన. అడిగితే పేరు చెప్తలేదు. గిట్లయితే నేను బాధ్యత తీసుకోను, తోల్కపో."

పగిడయ్య తల వంచుకుని విన్నాడు. తువ్వాలు రెండు చేతుల్లోకి తీసుకుని నలుపుతూ ఉన్నాడు.

"నిన్ననా మేడం? సంతనాడా?"

"అవ్. పొద్దు గుంకే యాళ్ళకు."

"సీతాఫలాలు తీసుకున్నదా?"

సవరమ్మ అతని చేతుల్లోని తువ్వాలు వైపు చూసింది.

"అది నేనే మేడం," అన్నాడు పగిడయ్య. అని, గట్టిగా ఊపిరి వదిలాడు. "ఎవడో వచ్చిండంటే రాత్రంతా నిద్ర లేదు మాకు. బిడ్డ తల్లి ఏడుస్తనే ఉన్నది. నేనే అయితే ఇంకేం లేదు గద. సంతకొచ్చినప్పుడు గట్లనే వచ్చి చూసి పోత."

"నువ్వైతే... గేటు కాడికి రావొచ్చు గద. దొంగ లెక్క తోటలెందుకు?"

"మీరే గద మేడం రావొద్దన్నది."

అతని గొంతులో నిష్ఠూరం లేదు. జరిగింది గుర్తుచేస్తున్నట్టు అన్నాడు. సవరమ్మకు వెంటనే గుర్తు రాలేదు. తరవాత వచ్చింది. ఆ ఏడు వేసవి సెలవులయ్యాక బడి తెరిచిన కొత్తలో, తల్లిదండ్రులందరూ పిల్లలను దించడానికి వచ్చిన రోజు, ఒకాయన దగ్గర కల్లు వాసన వచ్చింది. ఊళ్ళో పండగ చేసుకుని అటునుంచి అటే వచ్చానని ఏదో చెప్పబోయాడు. అందరి ముందూ, "తాగినోళ్ళు నా గేటు కాడ కనబడొద్దు. ఇంకోసారి వస్తే నీ బిడ్డను నీ ఎంబడే పంపిస్త," అంది ఆమె. ఆయన మొహం కూడా సరిగా చూడలేదు. ఆ మాట అన్నానన్న సంగతే ఆమెకు గుర్తు లేదు. ఆయన మాత్రం ఆ మాటను పాటిస్తూ వచ్చాడు.

"ఇయ్యాల తాగలే మేడం," అన్నాడు పగిడయ్య. "బిడ్డను ఉండనియ్యిర్రి. ఇంక రాను."

ఆమె "రావొచ్చు, రావొచ్చు," అని ఏదో గొణిగింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఆయన కళ్ళలోకి చూడలేకపోయింది. ఆయన దండం పెట్టి రోడ్డెక్కి వెళ్ళిపోయాడు.

వంటింట్లో రాఘవమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. సవరమ్మ పోయి ఆమె పక్కన పీట మీద కూర్చుంది.

"నీకు ఎరికేనా రాఘవమ్మా, ఆయన తోట కాడికి వస్తడని?"

"ఎరికే. ఒక్కోపాలి నన్నే పిల్వమనేటోడు బిడ్డను."

"మరి నిన్న చెప్పొద్దా?"

రాఘవమ్మ చాట పక్కన పెట్టింది. "మీరు అడిగిన్రా మేడం? మీరు చూసిన అన్నరు. కండ్లతోని చూసిన అన్నంక నడుమ ఎవరు మాట్లాడతరు?"

ఆ మధ్యాహ్నం సవరమ్మ సాహిత్యను ఒక్కదాన్నే తన గదికి పిలిచింది. పొరపాటు పడ్డానని, మనసులో పెట్టుకోవద్దని చెప్పింది. చెబుతున్నంతసేపూ బల్ల మీది చాక్‌పీసు డబ్బా మూత తీస్తూ పెడుతూ ఉంది. "సరే మేడం," అంది సాహిత్య. ఇంకా ఏమన్నా అంటుందేమోనని సవరమ్మ చూసింది. పిల్ల, "పోనా మేడం?" అని అడిగి వెళ్ళిపోయింది.

అంతటితో సర్దుకుంటుందని సవరమ్మ అనుకుంది. రెండు మూడు రోజులకు పెరట్లోకి వెళ్ళి చూస్తే, గోడ అవతల తీగల మీద దుప్పట్లు వేలాడుతున్నాయి. అవి తడి దుప్పట్లు కావు. పొడి దుప్పట్లనే ఈ కొస నుంచి ఆ కొస దాకా సందు లేకుండా కప్పి, గాలికి ఎగరకుండా పిన్నులు పెట్టారు. మొదట ఆమెకు అర్థం కాలేదు. దుప్పట్ల వెనక నీళ్ళ చప్పుడు, చెంబుల చప్పుడు వినిపించాక తెలిసింది. అవతల స్నానాల గదుల ముందు ఆడపిల్లలు జుట్టు ఆరబెట్టుకునే జాగా ఉంది. మేడం అద్దంలో అంతా కనబడుతుందని మేడమే చెప్పింది కదా. వాళ్ళు తమ జాగ్రత్త తాము చేసుకున్నారు.

ఆమె లోపలికి వచ్చి తలుపు వేసుకుంది. ఏ తప్పూ చేయని మనిషినని బతుకంతా అనుకున్నది ఆమె. ఇప్పుడు ఆడపిల్లలు తన కంట పడకుండా తెర కట్టుకున్నారు.  పాత చీర ముక్కతో టెలిస్కోప్ మూతి కట్టేసి, దాన్ని గోడవైపు తిప్పి పెట్టింది. దాన్ని చూస్తే కూడా మొహం కాలిపోతున్నట్టుండేది.

అందరి ముందూ అన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకోవాలని ఆమెకు తోచింది. అది సరైన పనే అనుకుంది. ప్రార్థన వేళ, పిల్లలంతా నిలబడి ఉండగా ముందుకొచ్చి చెప్పింది. 

"మొన్న సాహిత్యను నేను నానా మాటలన్న. ఆమె కలిసింది వాళ్ళ నాయినను. ఆయన తాగి వచ్చిండని నేనే ఒకనాడు గేటు కాడికి రావొద్దన్న. అందుకే ఆయన తోటల నిలబడ్డడు. తప్పు నాది. మిమ్మల్ని టెలిస్కోప్‌తోని చూసుడు గుడ తప్పే. ఇంక చూడ."

మూడో తరగతి పిల్లలకు ఏమీ అర్థం కాలేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పెద్దపిల్లలు సాహిత్య వైపు తిరిగారు. సవరమ్మకు గుండె బరువు తగ్గింది. చెప్పేశాను, అయిపోయింది అనుకుంది. అక్కడున్న టీచర్లలో ఒకావిడ, "మీరు గొప్పవారు మేడం, ఎవరొప్పుకుంటరు ఇట్ల?" అంది కూడా.

క్లాసులకు వెళ్ళే వేళ సాహిత్య వరండా స్తంభం దగ్గర ఆగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మా నాయిన సంగతి ఎవ్వరికీ తెల్వొద్దనే గద మేడం నేను ఆ రోజు నోరు మూసుకున్నది," అంది. "వాళ్ళు నన్నేమనుకున్నా సరే అనుకున్న. మీరు ఇప్పుడు మైకుల చెప్పినట్టు చెప్పిన్రు."

ఇంతే అంది. పుస్తకాలు ఛాతీకి ఆనించుకుని, ఎడమ భుజం పైకెత్తి, క్లాసులోకి వెళ్ళిపోయింది.

సవరమ్మ స్తంభం దగ్గరే ఉండిపోయింది. గుండె బరువు తగ్గిందని ఇందాక ఎందుకనిపించిందో అప్పుడు తెలిసింది. తన బరువు తీసి ఆ పిల్ల నెత్తిన పెట్టింది. దీనికి మళ్ళీ ఎవరి ముందు ఏమని చెప్పాలి? చెప్పిన ప్రతి మాటా ఆ ఇంటి గుట్టును ఇంకో నలుగురికి చేరవేయడమే అవుతుంది. తప్పు చేస్తే ఒప్పుకుంటే సరిపోతుందని ఆమెకు చర్చిలోనూ ఇంట్లోనూ నేర్పారు. ఒప్పుకోవడం కూడా తప్పయ్యే సందర్భం ఉంటుందని ఎవరూ చెప్పలేదు. ఆ రోజు ఏడో తరగతికి వెళ్ళి పాఠం చెప్పకుండా పుస్తకం చదివించి వచ్చేసింది.

ఆ తరవాత ఆమె చేయగలిగినవి చిన్న చిన్న పనులే. గేటు దగ్గర కానుగ చెట్టు కింద రెండు బెంచీలు వేయించింది. సంత రోజు ఏ తల్లిదండ్రులు వచ్చినా పిల్లలతో కూర్చుని మాట్లాడుకోవచ్చని రామ్‌సింగ్‌తో చెప్పింది. ఎవరి దగ్గర ఏ వాసన వచ్చినా అందరి ముందూ అనొద్దని, కావాలంటే తననే పిలవమని చెప్పింది. టెలిస్కోప్‌ను తన క్వార్టర్లోంచి తీయించి, హాస్టలుకూ స్నానాల గదులకూ వీపు పెట్టి ఉండే ఆటస్థలంలోకి మార్చింది. ఆటస్థలం పక్కన దాన్ని దాచే గది తాళం తొమ్మిదో తరగతి పిల్లలకు ఇచ్చేసింది. "మీరే పెట్టుకోన్రి, మీరే చూడున్రి. నన్ను పిలిస్తే వస్త, లేకపోతే లేదు," అంది.

చాలా రోజులు ఎవరూ ముట్టుకోలేదు. సంక్రాంతి సెలవులు అయ్యాక ఒక సాయంత్రం ఆటస్థలం నుంచి చిన్నపిల్లల కేకలు వినిపించాయి. కిటికీలోంచి చూస్తే వాళ్ళు దాని చుట్టూ మూగి, ముంత కనబడ్డదని ఒకరు, అది ముంత కాదు చిన్న గిన్నె అని ఒకరు కొట్లాడుకుంటున్నారు. సవరమ్మ వెళ్ళలేదు. ఆమెకు పిలుపు రాలేదు. కొన్నాళ్ళకు తీగల మీద దుప్పట్లు తీసేశారు. తీసింది మేడం మీద నమ్మకం కుదిరో, చలికి కప్పుకోవడానికో ఆమెకు తెలియదు. అడిగేందుకు మొహం చెల్లలేదు.

సాహిత్య మాత్రం ఆ గుంపులో ఎప్పుడూ కనిపించలేదు. క్లాసులో అడిగినదానికి జవాబు చెప్పేది. పదో తరగతి పాసయింది. సైన్సులో మంచి మార్కులు వచ్చాయి.

వేసవి తరవాత టీసీ తీసుకోవడానికి తండ్రీ కూతుళ్ళు వచ్చారు. భద్రాచలంలో ఇంటర్‌లో సీటు వచ్చిందట. పగిడయ్య ఈసారి గేటు లోపలికి వచ్చాడు. సవరమ్మ ఆఫీసు గదిలోంచి తనే కుర్చీ తెచ్చి వేసింది. ఆయన "వద్దు మేడం," అంటూనే అంచు మీద కూర్చున్నాడు. మంచినీళ్ళు తాగాడు. వానలు మొదలవుతున్నాయా, విత్తనాలు పెట్టారా అని ఆమె అడిగింది. ఆయన చెప్పాడు. కాగితాల పని అయిపోయాక లేచి, ఒక్క క్షణం తటపటాయించి అడిగాడు.

"మేడం, చంద్రుల్ల గుంటలు చూపిస్తరంట గద? నా బిడ్డ మొదట్ల ఇంటికొచ్చినప్పుడు అవే ముచ్చట్లు చెప్పేది. నాకు గుడ ఒక్కసారి..."

ఆ మధ్యాహ్నం మబ్బులు చెదిరి, తూర్పున పాలిపోయిన చంద్రుడు అప్పుడే పైకొస్తున్నాడు. ఆమె ముఖం విప్పారింది. "ఎందుకు చూపించను? ఒక్క జర కూర్చోండి, ఇప్పుడే పెట్టిస్త," అంటూ పిల్లల దగ్గర తాళం అడగడానికి లేచింది.

సాహిత్య తండ్రి మోచెయ్యి పట్టుకుని కోయలో ఏదో అంది. గట్టిగా అనలేదు, కోపంగా కూడా అనలేదు. పగిడయ్య కూతురి మొహం చూసి, సవరమ్మ మొహం చూసి, మెల్లగా తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"బస్సు పోతదంట మేడం. ఇంకోపాలి వస్తం."

ఆ హాస్టల్లో ఇన్నేళ్ళున్నా సవరమ్మకు కోయ మాటలు నాలుగు కూడా రావు. ఆ పిల్ల నిజంగా బస్సు మాటే అందో, ఇంకేమన్నా అందో ఆమెకు తెలియలేదు. "మంచిది, పోయి రాండ్రి," అంది. వాళ్ళిద్దరూ గేటు దాటి రోడ్డెక్కేదాకా నిలబడి చూసింది. తరవాత కుర్చీ తీసుకుని లోపలికి నడిచింది.